నరసాపురం అత్తయ్య, మరికొందరు

మా బంధువర్గంలో అత్తలనూ పిన్నులనూ పెద్దమ్మలనూ అసలు పేర్లతో ప్రస్తావించే అలవాటు లేదు. ఎవరు ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరే వారి పేరుగా స్థిరపడిపోతుంది. నరసాపురం అత్తయ్య, అమలాపురం పెద్దమ్మ, మస్కట్ పిన్ని అంటేనే మాకు మనుషులు గుర్తుకు వస్తారు. శుభలేఖలు పంచడానికి మా నాన్న రాసుకొనే జాబితాలో కూడా అవే పేర్లు ఉండేవి. వాళ్ళ మాట వచ్చినప్పుడల్లా ఇంట్లో ఎవరో ఒకరు "పిల్లలంటే ఎంత ప్రాణమో ఆవిడకి" అని ఊరుకుంటారు. ఆ మాట నిజమే అయినా అక్కడితో ఆగిపోవడం నాకు నచ్చదు. ఆ మనుషులు తెల్లవారకముందే లేచి ఎసరు పెట్టిన సంగతి, ఫీజు గడువు దాటకుండా డబ్బు సర్దిన సంగతి, పరాయి పిల్లకు జ్వరం వస్తే ఆసుపత్రి వరండాలో రాత్రంతా కూర్చున్న సంగతి ఆ ఒక్క మాట కింద కప్పబడిపోతాయి. డెల్టాలో హాస్టళ్ళు ఇంత విరివిగా లేని రోజుల్లో పల్లెటూరి పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, హైస్కూలు దాటి చదవగలిగారంటే పట్నంలో కాపురం ఉన్న ఏ అత్తో పిన్నో తన ఇంట్లో చోటివ్వడం దానికి పెద్ద కారణం. ఆ లెక్క ఎవరూ రాసి పెట్టలేదు. నాకు తెలిసిన కొద్ది భాగాన్ని ఇక్కడ రాస్తున్నాను.

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమిగానూ వసిష్ఠగానూ చీలిపోతుంది. ఆ పాయల నడుమ ఉన్న కోనసీమలో, సఖినేటిపల్లి మండలంలోని ఒక పల్లె మాది. వసిష్ఠ అంతర్వేది దగ్గర సముద్రంలో కలవడానికి ముందు, ఏటికి అవతలి ఒడ్డున నరసాపురం ఉంటుంది. జిల్లా వేరైనా, రేవులో పంటు అనే పెద్ద పడవ ఎక్కితే అది మాకు పొరుగూరే. సంబంధాలు చూసేటప్పుడు మా వాళ్ళకు ఏరు ఒక అడ్డంకిగా ఎన్నడూ తోచలేదు. "రేవు దాటితే మా అమ్మాయి ఇల్లే" అని తాతయ్య అందరితోనూ చెప్పుకొనేవారట. వరద వచ్చి పంటు ఆపేసిన రోజుల్లో మాత్రం ఆ ఇల్లు హైదరాబాదు కంటే దూరమయ్యేది. దిండి, చించినాడల మధ్య వంతెన వచ్చాక చుట్టు తిరిగి వెళ్ళే వీలు కలిగింది గానీ, సఖినేటిపల్లి రేవులో మనుషులూ మోటారు సైకిళ్ళూ కార్లూ ఒకే పంటు మీద దాటడం ఆగిపోలేదు. అక్కడ కూడా వంతెన కావాలన్న కోరిక దశాబ్దాల నాటిది.

మేనత్తకు పుట్టింటి పిల్లల మీద హక్కు వాళ్ళు పుట్టకముందే మొదలవుతుంది. కొత్త దంపతులు గడప దాటబోతుంటే పెళ్ళికొడుకు అక్కచెల్లెళ్ళు తలుపుకు అడ్డంగా నిలబడి, ఇద్దరి చేతా ఒకరి పేరు ఒకరితో చెప్పిస్తారు. ఆ తరువాత "నీకు కూతురు పుడితే మా అబ్బాయికి ఇస్తావా?" అని మాట పుచ్చుకొని గానీ దారి వదలరు. మా నాన్న పెళ్ళిలో అత్తయ్య మా బావను చంకన ఎత్తుకొని మరీ అడిగిందట. మా అమ్మ సిగ్గుతో తల ఊపిందట. అదంతా వేడుకే అయినా, మా ఊళ్ళో చాలా ఇళ్ళల్లో ఆ వేడుక మాటే పిల్లలు పెద్దవాళ్ళయ్యేసరికి ముహూర్తంగా మారేది. మేనత్తకు ఇచ్చిన మాటకు మన వాళ్ళలో ఉన్న విలువ ఈనాటిది కాదు. శిశుపాలుడి తల్లి తనకు మేనత్త కాకపోయి ఉంటే శ్రీకృష్ణుడు నూరు తప్పుల దాకా ఓర్చుకొనేవాడా అని నాకు ఎప్పుడూ అనుమానమే.

మాకు ఊహ తెలిసిన నాటి నుంచి అత్తయ్య అంటే భోగి పండుగకు పంటు దిగి వచ్చే మనిషి. సాయంత్రం మమ్మల్ని పీటల మీద కూర్చోబెట్టి, రేగిపళ్ళు, చెరకు ముక్కలు, నానబెట్టిన శనగలు, బంతిపూల రేకులు, చిల్లర నాణేలు దోసిట్లో పట్టుకొని, మూడుసార్లు దిష్టి తిప్పి తల మీద పోసేది. నాణేలు ఏరుకోవడానికి మేము కొట్టుకుంటుంటే ముందుగా నవ్వేది కూడా ఆవిడే.

1996 నవంబరు 6న వచ్చిన తుఫాను గురించి కోనసీమ వాళ్ళకు కొత్తగా చెప్పనక్కరలేదు. తెల్లవారి చూస్తే మా ఎకరంన్నర కొబ్బరితోటలో నిలబడి ఉన్న చెట్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. కొన్ని వేళ్ళతో సహా లేచిపోయాయి, కొన్ని నడిమికి విరిగాయి, మరికొన్ని మొవ్వు మెలితిరిగిపోయి నిలువునా ఎండిపోయాయి. వరి పోతే రైతు మరుసటి పంటకు ఎలాగో తేరుకుంటాడు. కొబ్బరి పోతే అలా కుదరదు. కొత్తగా నాటిన దేశవాళీ మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది, అంతవరకూ దింపు ఉండదు, రాబడి ఉండదు. నేను అప్పుడు పదో తరగతి చదువుతున్నాను. పరీక్షలు రాశాను, మార్కులు బాగానే వచ్చాయి, ఆ తరువాత నా చదువు సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. మా నాన్నకు చదివించడం ఇష్టమే. కానీ ఆ రోజుల్లో మా అరుగు మీద పొద్దున్నే అప్పులవాళ్ళు కూర్చొని ఉండేవారు.

జూన్ నెలలో ఒక మధ్యాహ్నం అత్తయ్య వచ్చింది. భోజనం చేసి, చేయి కడుక్కొని, చెంగుతో తుడుచుకుంటూ "పిల్ల బట్టలు సర్దు అమ్మాయ్, సాయంత్రం పంటుకి తీసుకుపోతాను" అని అమ్మతో అంది. నాన్న ఆవిడకు తమ్ముడు. ఆవిడ ముందు ఆయన గొంతు ఎప్పుడూ చిన్నదే.

"నీకెందుకక్కా ఈ బరువు?" అన్నారు.

"బరువేముంది? ఊళ్ళో కాలేజీ ఉంది, ఇంట్లో మంచం ఉంది."

"ఖర్చు?"

"లేసు ఉందిగా," అంది అత్తయ్య, అదేదో పొలం అన్నంత ధీమాగా.

మావయ్య రైసుమిల్లులో గుమాస్తా. ఆయన ఒక్క జీతంతో ఆ ఇల్లు నడిచే పరిస్థితి ఎప్పుడూ లేదు. నేను వెళ్ళేసరికి మావయ్య చెల్లెలి కొడుకు అప్పటికే అక్కడ ఉండి పాలిటెక్నిక్ చదువుతున్నాడు. తరువాత మా తమ్ముడు కూడా వచ్చి చేరాడు. సొంత పిల్లలతో కలిపి అన్ని కంచాలకూ సరిపడా వండి, పాత్రలు తోముకొని, మధ్యాహ్నం కాస్త తెరిపి దొరకగానే అత్తయ్య లేసు పట్టుకొని వీధి అరుగు మీద కూర్చొనేది. నరసాపురం ప్రాంతానికి క్రోషే లేసు పని పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల వల్ల వచ్చింది. అక్కడా చుట్టుపక్కల పల్లెల్లోనూ ఆడవాళ్ళు ఇళ్ళల్లో కూర్చొని అల్లే బల్లగుడ్డలూ దిండు గలీబులూ దుస్తుల అంచులూ విదేశాలకు ఎగుమతి అవుతాయి. 2024లో ఈ అల్లికకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. గుర్తింపు వచ్చిన వార్తను నేను ఫోనులో చదివి వినిపిస్తే అత్తయ్య "ముక్కకి ఎంత పెంచారంట?" అని అడిగింది.

ఆ పనిని నేను దగ్గర నుంచి చూశాను. ఎడమచేతి చూపుడువేలికి దారం ఒక చుట్టు చుట్టి, కొన దగ్గర చిన్న కొక్కెం ఉన్న సూదిని కుడిచేత్తో పట్టుకొని, ఉచ్చులోంచి ఉచ్చు లాగుతూ పోవాలి. ముందు నడిమి గుండ్రం, దాని చుట్టూ రేకులు, రేకుల చుట్టూ వల. అలా తయారైన పూలను కలిపే అతుకు పని వేరే ఉంటుంది, దానికి చెయ్యి ఇంకా కుదురుగా ఉండాలి. దారం తెల్లనిది కాబట్టి చేతి చెమటకు మురికి పట్టకుండా అత్తయ్య వేళ్ళకు పౌడరు రాసుకొనేది. పనసపొట్టు కొట్టిన రోజున ఎంత నూనె రాసి తోముకున్నా వేళ్ళకు జిగురు వదలదు కనుక ఆ రోజు లేసు ముట్టుకొనేది కాదు. అందుకే కాలేజీ ఫీజు దగ్గర పడిన నెలల్లో మా ఇంట్లో పనసపొట్టు కూర ఉండేది కాదు. చూపుడువేలి పక్కన దారం ఒరిసి ఒరిసి ఒక సన్నని గాడి పడి ఉండేది. ఇప్పుడు కంటిచూపు మందగించి లేసు మానేసినా ఆ గాడి మాత్రం పోలేదు. ఏజెంటు దారపు ఉండలు ఇచ్చి వెళ్ళి, తయారైన ముక్కలను ఎండలో పట్టి చూసి, వంక పెట్టి, ముక్కల లెక్కన డబ్బు కట్టేవాడు. ఆ డబ్బు గంటల లెక్కన చూస్తే కూలికి కూడా సరిపోదని డిగ్రీలో అర్థశాస్త్రం చదివేటప్పుడు నేను లెక్క వేసి చెప్పాను. "గంటలు ఎవరు లెక్కపెట్టమన్నారే నిన్ను?" అని కసిరింది.

గంటలు లెక్కపెట్టలేదు గానీ రూపాయలు లెక్కపెట్టేది. అల్మరాలో చీరల కింద ఒక నోటుపుస్తకం ఉండేది. ఏ పిల్లకు ఎప్పుడు ఏ ఫీజు కట్టిందీ, మా ఇంటి నుంచి ఎన్ని కొబ్బరికాయలు, ఎంత బియ్యం వచ్చిందీ అందులో రాసేది. నాన్న ఆడపడుచు ఇంటికి వట్టి చేతులతో వెళ్ళకూడదని, తన ఇంట్లో లేని రోజుల్లో కూడా పక్కింటి వాళ్ళ దగ్గర అరువు తీసుకొని ఒక గెల అరటిపళ్ళైనా తెచ్చేవారు. ఆ గెల కూడా పుస్తకంలోకి ఎక్కేది. అవన్నీ తిరిగి వసూలు చేసే ఉద్దేశంతో రాసినవి కావు. ఆడపడుచు కొడుకూ, తమ్ముడి కూతురూ ఒకే ఇంట్లో తింటున్నప్పుడు ఎవరికి ఎక్కువ చేసిందో ఎవరికి తక్కువ చేసిందో అని రేపు ఎవరైనా నోరు జారితే చూపించడానికి. ఉమ్మడి మనుషుల మధ్య బతికిన ఆడదానికి ఆ జాగ్రత్త ఎంత అవసరమో అక్కడ ఉంటే గానీ తెలియదు.

నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా మా నాన్న తలుపు దగ్గరి మాటను గుర్తు చేశారు. బావకు అప్పటికి ఉద్యోగం వచ్చింది. మేనరికం అయితే కట్నం ఇబ్బంది లేదు, పిల్ల కళ్ళ ముందే ఉంటుంది, అప్పులు తీరని తండ్రికి అంతకంటే సులువైన దారి కనిపించలేదు. మాట అడిగిన మనిషే కాదంటుందని ఆయన ఊహించలేదు. అత్తయ్య రెండు కారణాలు చెప్పింది. మొదటిది, మావయ్య అక్కగారి పిల్లల సంగతి: మేనరికపు సంబంధం, ఇద్దరు పిల్లలకూ పుట్టు చెవుడు. దగ్గరి రక్తసంబంధం ఉన్న దంపతులలో ఇద్దరూ ఒకే లోపాన్ని బయటికి కనబడకుండా మోసే అవకాశం ఎక్కువనీ, అది పిల్లలకు రెండు వైపుల నుంచీ సంక్రమిస్తే జబ్బుగా బయట పడుతుందనీ వైద్యులు అప్పటికే ఆవిడకు వివరించి చెప్పారు. మేనరికం చేసుకున్న ప్రతివారికీ అలా జరగదనీ తెలుసు; అయినా తెలిసి తెలిసి ఎందుకు అన్నది ఆవిడ పట్టుదల. రెండో కారణాన్ని నాన్నతో చెప్పేటప్పుడు నేను పక్క గదిలో ఉన్నాను.

"చదివిస్తానని తెచ్చుకున్నాను తమ్ముడూ దాన్ని. ఇప్పుడు కోడలిగా ఉంచేసుకుంటే, వంట మనిషి కోసం ముందే తెచ్చిపెట్టుకుందంటారు. అన్నా అనకపోయినా నాకే అనిపిస్తుంది."

నాన్న నొచ్చుకున్నారు. ఆయన ఆ రోజు పంటు వేళ దాకా ఇంట్లో ఆగకుండా, మజ్జిగ కూడా తాగకుండా వెళ్ళిపోయారు. చాలా కాలం నరసాపురం గడప తొక్కలేదు. కొబ్బరికాయల బస్తా మాత్రం ఎవరో ఒకరి చేత పంపుతూనే ఉన్నారు, అది అత్తయ్య పుస్తకంలో ఎక్కుతూనే ఉంది.

వాళ్ళిద్దరి మధ్య రెండో తగువు భూమి గురించి. తుఫాను నాటి అప్పు వడ్డీతో పెరిగిపోయి, చివరకు 2006లో తోటలో కొంత భాగం అమ్మవలసి వచ్చింది. ఆ తోట తాతయ్య స్వార్జితం. వీలునామా రాయకుండా పోయారు, తరువాత నాయనమ్మా పోయింది. కొనేవాళ్ళ తరఫు వకీలు ఆడపడుచు సంతకం కావాలన్నాడు. ఆడపిల్లలకు ఆస్తి హక్కు 1985లో రాష్ట్రంలో తెచ్చిన సవరణతో వచ్చిందనో, 2005లో కేంద్రం చేసిన సవరణతో వచ్చిందనో మా వైపు చాలామంది అనుకుంటారు. అవి పిత్రార్జితమైన ఉమ్మడి ఆస్తికి సంబంధించినవి. తండ్రి స్వార్జితాన్ని వీలునామా లేకుండా వదిలి వెళితే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారమే కూతురికి కొడుకుతో సమానమైన వాటా ఉంది. చట్టం ఎలా ఉన్నా, మా ఊళ్ళల్లో ఆనవాయితీ వేరు: ఆడపడుచును పిలిచి, భోజనం పెట్టి, పసుపు కుంకుమలతో ఒక పట్టుచీర చేతిలో పెట్టి సంతకం చేయించుకుంటారు. అలా సంతకం పెట్టి వెళ్ళిన మేనత్తలను ఊరంతా "బంగారు తల్లి" అని మెచ్చుకుంటుంది. ఆ మెప్పు చాలా చవకగా దొరికే మెప్పని నా ఉద్దేశం. ఇచ్చేవాళ్ళకు ఒక చీర ఖరీదు, పుచ్చుకొనేవాళ్ళకు సగం తోట ఖరీదు.

అత్తయ్య చీర పుచ్చుకుంది. వాటా కూడా అడిగింది. నాన్న నిర్ఘాంతపోయి, "నీ కోడల్ని చదివించినదానికి లెక్క కడుతున్నావా అక్కా?" అనేశారు.

"దాన్ని చదివించుకున్నది నేను. దానికి లెక్క లేదు. ఇది మా నాన్న భూమి, దీనికి లెక్క ఉంది," అంది అత్తయ్య.

అప్పు తీరాక మిగిలిన దానిలో తన సగాన్ని రిజిస్ట్రారు ఆఫీసు బయట చింతచెట్టు కింద బల్ల మీద కూర్చొని, వేలు తడిచేసుకుంటూ నోట్లు లెక్కపెట్టి తీసుకుంది. ఊళ్ళో అన్నవాళ్ళు అన్నారు. ఆ డబ్బుతో ఆవిడ తన ఇంటి పైకప్పు వేయించుకుంది. ఆ పెంకుటిల్లు వర్షాకాలంలో ఎక్కడెక్కడ కారేదో, ఏ మూల ఏ గిన్నె పెట్టేవాళ్ళమో నాకు తెలుసు కనుక, ఆ స్లాబు చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం నా సొంత ఇంటి గృహప్రవేశంలో కూడా కలగలేదు. నాన్నకూ అక్కకూ మాటలు తిరిగి కలవడానికి మధ్యవర్తులు అవసరం కాలేదు. మావయ్యకు గుండె జబ్బు చేసినప్పుడు రాత్రికి రాత్రి ఏరు దాటించే పడవ మాట్లాడుకొని వెళ్ళినవారు నాన్నే.

వాటా మాట ఎత్తే వీలైనా లేని మేనత్తల గురించి మా నాయనమ్మ చెబుతూ ఉండేది. తాతయ్యకు ఒక మేనత్త ఉండేదట. కాపురానికి వెళ్ళకుండానే భర్త పోతే పుట్టింట్లోనే ఉండిపోయి, అన్నదమ్ముల పిల్లలందరికీ నీళ్ళు పోసి, అన్నాలు కలిపి పెట్టి, ఆ ఇంట్లోనే పోయింది. తాతయ్య చదువుకున్న నాలుగు ముక్కలూ ఆవిడ తోడుగా వెళ్ళి బడి గుమ్మంలో కూర్చోబెట్టి వస్తేనే వచ్చాయట. ఆ కాలంలో గోదావరి ప్రాంతంలో ఇలాంటి బాలవితంతువైన మేనత్త లేని పెద్ద కుటుంబం అరుదు. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరులో రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు ఎంత అలజడి రేగిందో పుస్తకాల్లో చదువుతాం. ఆ అలజడికి అనేక కారణాలు ఉన్నాయి గానీ, జీతం బత్తెం లేకుండా పిల్లలను పెంచే మనిషి ఇంట్లోంచి వెళ్ళిపోతుందన్న బెంగ కూడా అందులో కొంత ఉండి ఉంటుందని నాకనిపిస్తుంది. చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకున్న దువ్వూరి సుబ్బమ్మగారి వంటివారు గడప దాటి సహాయ నిరాకరణోద్యమంలో జైలుకు వెళ్ళగలిగారు. తాతయ్య మేనత్తకు మాత్రం ఒక ఫోటో కూడా లేదు. ఆవిడ పేరు ఏమిటని అడిగితే నాయనమ్మ కాసేపు ఆలోచించి, "అత్తమ్మ అనేవాళ్ళం" అంది.

మస్కట్ పిన్ని మా అమ్మకు చెల్లెలు. భర్త తాగుడుకు ఇల్లు గుల్లయిపోతే, ఇద్దరు ఆడపిల్లలను మా అమ్మ చేతిలో పెట్టి, ఏజెంటుకు అప్పు చేసి డబ్బు కట్టి గల్ఫుకు వెళ్ళింది. కోనసీమ నుంచీ, ఏటికి అవతలి పల్లెల నుంచీ ఇళ్ళల్లో పని చేయడానికి కువైట్, మస్కట్, దుబాయి వెళ్ళిన ఆడవాళ్ళు వేల సంఖ్యలో ఉంటారు. మా వాళ్ళు మాత్రం పిన్ని అక్కడ నర్సు అని చెప్పుకొనేవారు. ఆ అబద్ధం ఎందుకో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ రుచించదు. ఆవిడ తోమిన అంట్ల డబ్బుతో తుఫాను తరువాతి రోజుల్లో మా ఇంట్లో పొయ్యి వెలిగింది. అంట్లు తోమిందని చెప్పుకోవడానికి సిగ్గుపడడం ఏమి న్యాయం? మొదటి జీతాలన్నీ ఏజెంటు అప్పుకే పోయాయి. ఆ తరువాత పంపిన ప్రతి డ్రాఫ్టులోనూ తన పిల్లలకు ఎంత, అక్క పిల్లలకు ఎంత అని విడదీయకుండా "పిల్లలకి" అని మాత్రమే రాయించేది.

ఫోను చేయడం ఖరీదైన రోజులవి. అందుకని సెలవుకు వచ్చే ఊరివాళ్ళ చేత క్యాసెట్లు పంపేది. సబ్బులు, పాలపొడి డబ్బా, గొడ్డలి బొమ్మ ఉన్న తలనొప్పి నూనె సీసా, వాటి మధ్యన బట్టల్లో చుట్టిన క్యాసెట్టు. రాత్రి అన్నాలయ్యాక టేప్‌రికార్డరు చుట్టూ కూర్చొనేవాళ్ళం. పిన్ని ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి మాట్లాడేది, మధ్య మధ్య జవాబుకు చోటు వదిలేది. "పెద్దదానా, జడ ఎవరు వేస్తున్నారే?" అని అడిగి ఆగేది, ఆ ఖాళీలో పిన్ని పెద్ద కూతురు "పెద్దమ్మ" అని నిజంగానే జవాబు చెప్పేది, టేపులో పిన్ని "ఊఁ, సరే" అనేది. ఎలా కుదిరేదో తెలియదు గానీ ప్రతిసారీ సరిగ్గానే కుదిరేది. నా వంతు వచ్చినప్పుడు మాత్రం పిన్ని ప్రశ్నలు అడిగేది కాదు. "నువ్వు చదువు మానకు. నేనిక్కడ కాగితం మీద ఏం రాసుందో తెలీకుండా సంతకం పెట్టాను, తెలిసిందా?" అనేది. సెలవుకు వచ్చిన మొదటిసారి ఆవిడ చిన్న కూతురు మా అమ్మ కొంగు వదలలేదు. పిన్ని బలవంతం చేయలేదు, దాన్ని ఎత్తుకోవాలని చేతులు చాచలేదు కూడా. పెరట్లో మా అమ్మ పక్కన పీట వేసుకొని కూర్చొని, రోజంతా బియ్యం ఏరింది. మూడో నాటికి ఆ పిల్లే వెళ్ళి ఒళ్ళో కూర్చుంది. పిన్ని తిరిగి వచ్చేసి చాలా కాలమైంది. ఆ పిల్ల ఇప్పటికీ ఇద్దరినీ అమ్మ అనే పిలుస్తుంది, ఇద్దరూ పలుకుతారు.

అందరు అత్తలూ పిన్నులూ ఇలాగే ఉంటారని చెబితే అది అబద్ధం. అమలాపురం పెద్దమ్మ ఎదటివాళ్ళ పిల్లల మార్కులు చెప్పి మన పిల్లలను ఏడిపించే రకం. వెళ్ళగానే ఒంటి రంగు మీద ఒక మాట, జుట్టు మీద ఒక మాట, ఆ తరువాతే మంచినీళ్ళు. అయినా కనుమ నాడు మమ్మల్నందరినీ వెంటేసుకొని జగ్గన్నతోట ప్రభల తీర్థానికి తీసుకువెళ్ళింది ఆవిడే. చుట్టుపక్కల పదకొండు ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రులను, అంటే ఆ ఊళ్ళ శివుళ్ళను, వెదురుతో కట్టి అలంకరించిన ప్రభల మీద మోసుకొని వస్తారు. పచ్చని వరిచేల మధ్య నుంచీ, కౌశిక కాలువ నీళ్ళలో నుంచీ ఆ ఎత్తయిన ప్రభలు కదిలి వస్తుంటే పొలం తొక్కారని ఏ రైతూ అనడు. ఆ జనంలో పెద్దమ్మ మా అందరి చేతులకూ ఒకే పొడుగు తువ్వాలు కట్టి, దాని కొసను తన మణికట్టుకు చుట్టుకుంది. ఒక్క పిల్ల కూడా తప్పిపోలేదు. తిరిగి వచ్చేదారిలో మాత్రం జీళ్ళు కొనమన్నందుకు అందరినీ తిట్టింది.

ఇప్పుడు మా పిల్లలు అత్తల ఇళ్ళల్లో ఉండి చదువుకోవడం లేదు. పదో తరగతి కాగానే విజయవాడ పరిసరాల్లోని హాస్టళ్ళకు వెళతారు. అక్కడ ఆదివారం ఫోనులో ఇచ్చే కొద్ది నిమిషాలు అమ్మానాన్నలకే చాలవు. అత్తల నడుములు విరగడం తగ్గిందన్నది ఇందులో మంచి. మేనరికాల మాట కూడా మా ఇళ్ళల్లో దాదాపుగా ఆగిపోయింది. ఇంతకు మించి దీని మీద నాకు గట్టి అభిప్రాయం లేదు. మా అమ్మాయికి తన మేనత్త, అంటే మా ఆడపడుచు, ఫోనులో లెక్కలు చెబుతుంది. నాకంటే ఓపికగా చెబుతుంది.

అత్తయ్యకు డెబ్బై ఏళ్ళు దాటాయి. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి కనుక ఆవిడ ఇప్పటి నుంచే ఏర్పాట్లలో ఉంది. వాళ్ళ ఇంటి నుంచి పుష్కర స్నానాలు జరిగే వలంధర రేవుకు నడిచి వెళ్ళవచ్చు. 2003లోనూ 2015లోనూ ఆ ఇంట్లో కాలు పెట్టే చోటు లేకుండా బంధువులు దిగారు. మొన్న ఫోను చేసి ఎవరు ఎక్కడ పడుకోవాలో చెప్పి రాసుకోమంది: మగవాళ్ళందరూ డాబా మీద, ముందు గదిలో మస్కట్ పిన్ని, కూతుళ్ళు, మా అమ్మా నాన్నలకు ఫ్యాను ఉన్న గది, నేను అత్తయ్య గదిలో. బియ్యం ఆవిడవే, కొబ్బరికాయలు నాన్న పంపాలి, పనసకాయలు నేను రాజోలు నుంచి తేవాలి. ముక్తేశ్వరం రేవు దగ్గరలోనే పెట్టుకొని అమలాపురం పెద్దమ్మ కూడా నరసాపురమే వస్తానని కబురు పెట్టిందట. ఆవిడకు ఏ గది ఇవ్వాలన్నది ఇంకా తేలలేదు.